పదడుగులు ముందుకి, పదడుగులు వెనక్కి

నేను ఒక జీపును. ఈ మాట నా అంతట నేను చెప్పుకుంటే చెల్లదు, కాగితం చెప్పాలి. ఆ కాగితం చెప్పదు. అందుకే పాలకొండ శివార్లలో ఒక రేకుల పాక కింద, ఒంటినిండా కొత్త రంగుతో, నాలుగు కొత్త టైర్ల మీద ఉత్తినే నిలబడి ఉన్నాను. దారిన పోయేవాళ్ళు ఆగి, "అబ్బ, ఎంత బాగా చేయించారండీ!" అంటారు. చేయించలేదు, చేశాడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

పుట్టింది బొంబాయి దగ్గర ఒక కార్ఖానాలో. ఆ రోజు సంగతుల్లో ఒకటే బాగా గుర్తుంది. ఇంకా నాకు చక్రాలు కూడా బిగించలేదు. ఒక మనిషి సుత్తీ, అంకెలు చెక్కిన ఉక్కు అచ్చులూ పట్టుకుని వచ్చాడు. ముందు ఎడమ చక్రం రాబోయే చోటుకి కాస్త వెనక, నా ఒంటి బరువంతా మోసే చాసిస్ పట్టీ మీద, ఒక్కో అచ్చు పెట్టి ఒక్కో దెబ్బ వేశాడు. ఆరు దెబ్బలు. నాలుగు, ఏడు, ఒకటి, తొమ్మిది, సున్నా, ఆరు. మూడో దెబ్బ దగ్గర ఎవరో పిలిస్తే తల తిప్పాడు, ఆ ఒకటి కాస్త పక్కకి వాలిపోయింది. మనుషులకి పేరు చెవిలో చెబుతారట. మాకు ఎముక మీద కొడతారు.

నన్ను మలేరియా శాఖకి ఇచ్చారు. తెల్ల రంగు, తలుపు మీద నల్ల అక్షరాలు, వెనక మందు డబ్బాలు, ఎంత కడిగినా పోని డీడీటీ వాసన. నా డ్రైవరు తవిటినాయుడు. ఆయన చదువు అంకెల దగ్గరే ఆగిపోయింది కాని, ఆ అంకెల్లో నావి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేవాడు. ఏటా తనిఖీకి ముందు కిందకి దూరి, కిరసనాయిలు గుడ్డతో నా నంబరు తుడిచేవాడు. అధికారి వచ్చి దాని మీద పల్చని కాగితం పెట్టి పెన్సిలుతో అడ్డంగా రుద్దేవాడు. బూడిద రంగు మధ్యలో నా ఆరు అంకెలూ తెల్లగా లేచేవి. నాకు చక్కిలిగింతగా ఉండేది. ఒంగిన ఒకటిని చూసి ప్రతి అధికారీ, "ఇదేటి, ఇది తాగొచ్చినట్టుంది?" అని నవ్వేవాడు. తవిటినాయుడు కూడా, ఆ మాట మొదటిసారి విన్నట్టు నవ్వేవాడు.

మా పని కొండల మీద. దారిలో నెల్లిగూడ గెడ్డ ఉంది. వానాకాలంలో ఆ వాగు నా పొట్ట దాకా వచ్చేది. అప్పట్లో నాది పెట్రోలు ఇంజను. ముందు తిరిగే ఫ్యాను నీళ్ళని చిలికి ప్లగ్గుల మీద కొడితే ఇంజను చచ్చిపోతుంది. అందుకని తవిటినాయుడు గట్టు మీద నన్ను ఆపి, బానెట్టు ఎత్తి, ఫ్యాను బెల్టు విప్పి, దాన్ని కండువాలా భుజాన వేసుకుని అప్పుడు గెడ్డలో దింపేవాడు. అవతలి గట్టున మళ్ళీ బిగించేవాడు. పది నిమిషాల పని. పన్నెండేళ్ళలో ఒక్కసారి మాత్రం మానేశాడు.

ఆ రోజు నెల్లిగూడ నుంచి ఒక సవర మనిషి పరుగెత్తుకొచ్చాడు. "బాబూ, గుంటకి జొరం. మాట్నాడతలేదు." పదేళ్ళ ఆడపిల్ల. కళ్ళు తెరిచే ఉన్నాయి కాని ఎవరినీ చూడటం లేదు. తండ్రి ఆ పిల్లని ఒళ్ళో పెట్టుకుని నా వెనక సీట్లో కూర్చున్నాడు. ఆసుపత్రి గెడ్డ దాటి పదకొండు మైళ్ళు. గట్టు మీదకి వచ్చేసరికి తవిటినాయుడు నీళ్ళని చూశాడు, వెనక్కి తిరిగి పిల్లని చూశాడు. పది నిమిషాలు ఎందుకు పోగొట్టుకోవాలని బెల్టు విప్పకుండానే దించేశాడు.

సరిగ్గా నడి గెడ్డలో నేను ఆగిపోయాను.

ఆయన చొక్కా విప్పి ఒక్కో ప్లగ్గూ తుడిచాడు. తుడిచినవి మళ్ళీ తడిశాయి. గంట పట్టింది. చివరికి ఇంజను అందుకుంటే, "పట్టుకోండి, ఎలిపోదాం" అని అరిచాడు. వెనక నుంచి ఆ తండ్రి చాలా నెమ్మదిగా అన్నాడు: "ఇంకొద్దు బాబూ. ఎనక్కి తిప్పు."

తిప్పాడు. బండి లాగుబుక్కులో ఆ రోజుకి గుమస్తా 'గెడ్డలో గంట ఆలస్యం' అని రాశాడు. ఎవరూ తవిటినాయుణ్ణి ఏమీ అనలేదు. ఆ తర్వాత చీలమండ తడవని నీళ్ళకి కూడా ఆయన నన్ను ఆపి బెల్టు విప్పేవాడు. పక్కనున్నవాళ్ళు నవ్వితే నవ్వనిచ్చేవాడు. ఆ పిల్ల పేరు మాత్రం ఆ తొందరలో ఎవరూ అడగలేదు.

తర్వాత నన్ను వేలంలో ఒక పళ్ళ షావుకారు కొన్నాడు. పనసలు, అనాసలు, సీతాఫలాలు, వాటి మీద కూర్చున్న మనుషులు, అందరినీ మోశాను. షావుకారు నాకు డీజిలు ఇంజను పెట్టించాడు. గేరుపెట్టె మారింది, సీట్లు మారాయి, రేకు మారింది. మనిషికి ఇన్ని మారిస్తే బంధువులు గుర్తుపట్టరు. నాలో నాది అనదగ్గవి, విప్పి మార్చలేనివి రెండే మిగిలాయి: చాసిస్ పట్టీ, దాని మీద ఆ ఆరు అంకెలు. ఆఖరికి షావుకారు నన్ను చింతపండు గోదాము వెనక పెట్టి మరిచిపోయాడు. కోళ్ళు గుడ్లు పెట్టాయి. రిజిస్ట్రేషను గడువు ఎప్పుడు తీరిందో ఎవరూ చూడలేదు.

అక్కడికి వచ్చాడు చిన్నంనాయుడు, తవిటినాయుడి కొడుకు. ఆ వంశంలో డిగ్రీ చదివిన మొదటివాడు. బీఎస్సీ, మండల ఆఫీసులో జూనియర్ అసిస్టెంటు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టడనీ, సంతకం లేనిదే ఏ కాగితం ముట్టుకోడనీ తోటివాళ్ళు ఏడిపించేవాళ్ళట. తండ్రికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట మందగించింది. మనవరాలి పేరు మరిచిపోయేవాడు, నా నంబరు మరిచిపోయేవాడు కాదు. రోజుకి పదిసార్లు ఒకటే మాట: "బెల్టు ఇప్పి దాటీవలిసింది. బెల్టు ఇప్పీవలిసింది." డాక్టరు, "ఇంకోసారి వస్తే మనిషి మనకి దక్కడు, దక్కినా మాట దక్కదు" అన్నాడు. ఆ నంబరు పట్టుకునే కొడుకు నన్ను వెతికాడు. గోదాము వెనక నా మీద కోడిని తోలి, బానెట్టు మీద దుమ్ము తుడిచాడు.

షావుకారుకి డబ్బు కట్టి, పాత ఆర్‌సీ పుస్తకంతో సహా నన్ను ట్రాక్టరు ట్రక్కులో ఇంటికి తెచ్చి తండ్రి ముందు దించాడు. "నాన్నా, దీన్ని బాగుచేస్తాను. రిజిస్ట్రేషను రాయించి నెల్లిగూడ తీసుకెళ్తాను. నువ్వు ఎడం పక్క కూర్చో, నేను నడుపుతాను. గెడ్డ దాటిస్తాను."

తవిటినాయుడు బానెట్టు ఎత్తమన్నాడు. లోపల చూసి, "డీజిలా!" అన్నాడు. "దీనికి పలగ్గులుండవురా. ఇదైతే ఆగదు." ఆ మాట మరో రెండుసార్లు అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ఆ ఒక్కదాని కోసమే మందులు మింగాడని కోడలు హైమావతి చెప్పేది.

ఏడాదిన్నర ఆదివారాలు నా మీద పోశాడు చిన్నంనాయుడు. ఫోనులో వీడియోలు చూసేవాడు, పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. విప్పిన ప్రతి బోల్టునీ ఖాళీ ఊరగాయ సీసాలో వేసి చీటీ అంటించేవాడు. ఆఫీసులో ఫైళ్ళు ఎలా సర్దుతాడో నా పేగులూ అలా సర్దాడు. చేతికి ఆ పని రాదు, మనసుకి వచ్చు. మొదటి రోజే ఎడమ చక్రం నట్లు విప్పబోయి పానా మీద ఎక్కి నిలబడ్డాడు. నట్టు కదల్లేదు. గెంతాడు. బోల్టు విరిగి నేల మీద పడ్డాడు.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న తండ్రి వంకర నోటితో పడీపడీ నవ్వాడు. "డిగ్రీ సదివీసినావు గాని, ఎడం పక్క నట్లు ఎదురు తిప్పాలని తెలీదేటిరా? నీకు పేసైనట్టు రాసిచ్చినోడెవడ్రా?"

"మాకు ఫిజిక్స్‌లో ఇది లేదు నాన్నా."

"మరేటుందిరా అందులో?"

హైమావతి మజ్జిగ తెచ్చి, "మావయ్యా, మీ అబ్బాయికి ఇద్దరు పెళ్ళాలం" అంది. "నా తలకి నూని రాయమంటే తీరిక లేదు గాని, దాని గేర్లకి రోజూ రాస్తన్నాడు."

ఇంజను పని మాత్రం సిమ్మయ్య అనే మెకానిక్కు చేశాడు. మిగతాదంతా చిన్నంనాయుడే. తెలియని ప్రతిదీ తండ్రిని అడిగాడు. ఒక్కటి తప్ప.

నా అడుగుభాగం తుప్పు గీకాల్సి వచ్చింది. ఆ దుమ్ము తండ్రి గొంతుకి పడదని ఆయన్ని పదిరోజులు రాజాంలో తన అక్క ఇంటికి పంపాడు. వచ్చేసరికి మెరిపించి చూపించాలని ఆశ. ముక్కుకి గుడ్డ, కళ్ళకి అద్దాలు పెట్టుకుని, గ్రైండరు పట్టుకుని కిందకి దూరాడు. నంబరు సంగతి ఆలోచించనివాడు కాదు. నా డ్యాష్‌బోర్డు మీద ఒక ఇత్తడి రేకు ఉంది, దాని మీదా ఆ ఆరు అంకెలే. నంబరంటే అదేననుకున్నాడు. చింతపండు రాసి తోమి, గీత పడకుండా పాత చీర ముక్కలో చుట్టి బీరువాలో దాచాడు. అంత జాగ్రత్త పడ్డవాడు, నాలుగో రోజున నా ఎడమ చాసిస్ పట్టీ దగ్గరికి వచ్చాడు.

అక్కడ మట్టి, గ్రీజు, తుప్పు కలిసి వేలిమందం పెచ్చు కట్టి ఉన్నాయి. గీకితే కింద సొట్టలు, గీతలు. తుప్పు తిన్నచోట అలాగే ఉంటుందని వీడియోలో చెప్పారు. ఇనుము నున్నగా మెరిసే వరకూ వదలొద్దన్నారు. అతను చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. మొదట పోయింది ఆ ఒంగిన ఒకటి. తర్వాత ఏడు, తొమ్మిది. నిప్పురవ్వలు అతని భుజాల మీద పడుతున్నాయి, చెమట కళ్ళలోకి పోతోంది. నేను ఇంతలా వాగుతున్నాను గదా మీతో, ఆ రోజు ఒక్క మాట అనలేకపోయాను. నలభై ఏళ్ళు వాన, బురద, డీడీటీ, పనసజిగురు చెరపలేనిదాన్ని ప్రేమగా అరగంటలో చెరిపేశాడు. ఆ పైన పుట్టీ పెట్టి, ఎర్ర పూత వేసి, నల్ల రంగు కొట్టాడు. ఆరాక చేత్తో నిమిరి, "నున్నగా వచ్చింది" అనుకున్నాడు.

తండ్రి తిరిగొచ్చి నన్ను చూసి ముక్కు ఎగబీల్చాడు. డీడీటీ వాసన కోసం కాబోలు. "పాలీసు ఎక్కువైపోనాది. మలేరియా బండిలా లేదురా, పెళ్ళివారి బండిలాగున్నాది." అని, ఎడమ చేత్తో బానెట్టు మీద రెండుసార్లు తట్టాడు. కొడుకు ఆ పొగడ్త చాలన్నట్టు తల వంచుకున్నాడు.

కాగితం లేకుండా రోడ్డెక్కించడు కనుక, తిరిగే బండినైన నన్ను మళ్ళీ ట్రాక్టరు ట్రక్కు మీదే రవాణా ఆఫీసుకి తీసుకెళ్ళాడు. తండ్రి వస్తానని పట్టుబడితే ఆటోలో వెనకే తెచ్చాడు. ఇన్‌స్పెక్టరు కుర్రవాడు, మర్యాదస్థుడు. లైట్లు, హారను, బ్రేకు చూసి, "సొంతంగా చేశారా? గ్రేటండీ" అన్నాడు. తర్వాత జేబులోంచి పల్చని కాగితం, పెన్సిలు తీశాడు. ఎన్నేళ్ళయిందో! నాకు చక్కిలిగింత గుర్తొచ్చింది.

చిన్నంనాయుడు ఇత్తడి రేకు చూపించాడు.

"ఇది కాదండీ. రేకు నాలుగు స్క్రూలు విప్పితే ఊడొస్తుంది, ఏ బండికైనా బిగించొచ్చు. చాసిస్ మీద కొట్టింది కావాలి."

"చాసిస్ మీదా?"

ఇన్‌స్పెక్టరు తనే కిందకి ఒంగి, చేతిలైటు వేసి, తిన్నరుతో రంగు తుడిచి, కాగితం పెట్టి రుద్దాడు. కాగితం నల్లగా వచ్చింది. ఒక్క గీత లేదు. ఇంకో కాగితం పెట్టాడు. అదీ అంతే. లేచి చేతులు దులుపుకున్నాడు. మర్యాద గొంతులోంచి కాస్త తగ్గింది.

"ఇది గ్రైండరు కొట్టారండీ."

"నేనేనండీ. తుప్పనుకుని..."

"కొండ కింద చెక్‌పోస్టులో గంజాయితో పట్టుకున్న బండ్లన్నీ ఇలాగే ఉంటాయి. దొంగ బండికే ఎవరైనా నంబరు గీకుతారు."

చిన్నంనాయుడికి చెవులు ఎర్రబడ్డాయి. జీవితంలో ఎవరి పెన్సిలూ తీసుకోని మనిషి. అప్పుడు వెనక నుంచి ముద్దముద్దగా, నెమ్మదిగా, లెక్క అప్పజెప్పినట్టు వినిపించింది. "నాలుగు. ఏడు. ఒకటి... అది ఒరిగుంటాది బాబూ. తొమ్మిది. సున్నా. ఆరు." కర్ర మీద ఒరిగి తవిటినాయుడు.

ఇన్‌స్పెక్టరు పాత ఆర్‌సీ పుస్తకం తెరిచి చూశాడు. ఒక్క అంకె పొల్లు పోలేదు. కాసేపు పుస్తకం మూయలేదు.

"తాతగారూ, మీరు చెప్పింది కరెక్టే. కానీ నాకు బండి చెప్పాలండి."

ఆటోలో తిరిగి వస్తుంటే తండ్రి కోప్పడలేదట. "నన్నొక్క మాట అడక్కపోయినావేటిరా" అని మాత్రం అన్నాడట. ఆ మాట చిన్నంనాయుడు ఇంటికొచ్చి పాకలో నా స్టీరింగు ముందు కూర్చుని తనలో తను మళ్ళీ అనుకున్నాడు. అలా తెలిసింది నాకు.

నంబరు మళ్ళీ కొట్టించుకునే దారి ఒకటి ఉందన్నారు. మొదటి రిజిస్ట్రేషను నాటి పెన్సిలు ముద్ర పాత రికార్డుల్లోంచి తెచ్చి చూపాలి. దరఖాస్తు రాయడం అతనికి వచ్చిన విద్య. పద్నాలుగు రాశాడు. ఎనిమిది నెలలు సెలవులు పెట్టి తిరిగాడు. ఆఖరికి రికార్డు గదిలో అలమారా దొరికింది. నాకు ముందున్న ట్రాక్టరు ఫైలు బాగానే ఉందట. నా తర్వాతి లారీ ఫైలూ బాగానే ఉందట. మధ్యలో నాది ఉండాల్సిన చోట చెదపుట్ట. దాని మట్టి కాస్త కాగితంలో పొట్లం కట్టి తెచ్చుకున్నాడు. ఎందుకో అతనికీ తెలియదు.

తుక్కుకైనా ఇద్దామని సిమ్మయ్య పాతినుము కొనేవాళ్ళని తీసుకొచ్చాడు. వాళ్ళూ కిందకి ఒంగి చూశారు. "నంబరున్న ముక్క కోసి చూపిస్తేగాని మాకు బిల్లు రాదండీ" అని వెళ్ళిపోయారు. మనుషులు చావుకి కూడా పేరు అడుగుతారు.

ఒక సాయంత్రం తవిటినాయుడు కొడుకుని పిలిచాడు. "కాయితం ఎందుకురా. తెల్లారగట్ల ఎలిపోదాం. పోస్టు కాడ అప్పుడు ఎవుడూ ఉండడు. దాటీసి, ఒచ్చీడమే."

చిన్నంనాయుడు తాళం పట్టుకుని నా పక్కన చాలాసేపు నిలబడ్డాడు. ఆ నెల డీజిలు నిండా ఉంది. బ్యాటరీ బాగుంది. తీసుకెళ్ళు నాయనా, ఈసారి ఆగనని నేను లోపల లోపల మొరపెట్టుకున్నాను. అతని కళ్ళ ముందు ఏముందో నాకు తెలుసు. పట్టుబడితే దొంగబండి కేసు, ఉద్యోగం, ఆ ఇంటికి వచ్చే ఒక్క జీతం. ఇంకా అంతకంటే పెద్దది, ఇంతవరకూ ఒక్క తప్పు సంతకం పెట్టని చెయ్యి. "తప్పు నాన్నా" అన్నాడు. తాళం మేకుకి తగిలించి లోపలికి వెళ్ళిపోయాడు. నేను అతన్ని నిందించను. ఆ రోజు తవిటినాయుడు తొందరపడి బెల్టు విప్పలేదు, ఈ రోజు కొడుకు తొందరపడలేదు. రెంటికీ ఫలితం ఒకటే.

మాఘంలో రెండోసారి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు తవిటినాయుడు నంబరు అప్పజెప్పబోతే నాలుగు, ఏడు దాకా వస్తుంది. ఆ తర్వాత పెదాలు కదులుతాయి, అంకె రాదు.

బ్యాటరీ పడిపోకుండా చిన్నంనాయుడు ప్రతి ఆదివారం నన్ను స్టార్టు చేస్తాడు. పాక నుంచి గేటు దాకా పదడుగులు ముందుకి, మళ్ళీ పదడుగులు వెనక్కి. ఇప్పటికి నా ప్రయాణం అంతే. మొన్న శ్రావణంలో మూడురోజులు ముసురు పట్టింది. వీధి కాలువ పొంగి పెరట్లోకి వచ్చి, నా చక్రాలు సగం దాకా మునిగాయి. మధ్యాహ్నం వేళ అతను తండ్రిని ఎత్తుకొచ్చి నా ఎడమ సీట్లో కూర్చోబెట్టి, తువ్వాలుతో సీటుకి కట్టాడు. హైమావతి గుమ్మంలో గొడుగు పట్టుకుని, "ఓలమ్మా, ఇదేటి ఈ వానలోన!" అంటోంది కాని ఆపలేదు.

ఇంజను అందుకుంది. నీళ్ళలోకి దిగాను. అడుగున నీరు రేకుకి కొట్టుకునే చప్పుడు వినగానే తవిటినాయుడి ఎడమ చెయ్యి లేచి డ్యాష్‌బోర్డు మీది కమ్మీని గట్టిగా పట్టుకుంది. నెలల తర్వాత నోట్లోంచి అంకె కాని మాట వచ్చింది.

"బెల్టు... ఇప్పినావా?"

"విప్పాను నాన్నా."

నేను ఆగలేదు. నెమ్మదిగా, ఒక్క దగ్గు దగ్గకుండా, పదడుగులూ నడిచి గేటు ముందు నిలబడ్డాను.

"దాటీసినామేటి?"

చిన్నంనాయుడు మూసి ఉన్న గేటు వైపు చూశాడు. చదవకుండా దేని మీదా సంతకం పెట్టని మనిషి. "దాటేశాం నాన్నా" అన్నాడు.

ముసలాయన ఊపిరి వదిలాడు. అంత పొడుగు ఊపిరి నేను ఏ మనిషి దగ్గరా వినలేదు. చెయ్యి కమ్మీ వదిలింది. ఇంతలో ఏదో గుర్తొచ్చినట్టు తల తిప్పి, నా వెనక సీటు వైపు చూశాడు. అక్కడ ఎవరూ లేరు. కొత్త రెక్సిన్ మీద చినుకులు.

"మరి ఆ గుంటకి ఎలగున్నాదిరా?"

వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగాయి. చిన్నంనాయుడు గేరు వెనక్కి వేశాడు. నేను పదడుగులు వెనక్కి వచ్చాను.